లేత్ ఉలికి పదును పెట్టాలంటే ఏ గ్రైండర్, ఏ రాయి?

మొన్నొక ఆదివారం చిత్తూరు నుంచి ఒకాయన తిరుపతిలో మా షెడ్డుకు వచ్చారు. కొత్తగా చిన్న వుడ్ లేత్, అంటే కర్రను గుండ్రంగా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం, కొన్నారట. ఉలులు కూడా ఐదు సమకూర్చుకున్నారు, గ్రైండర్ ఒక్కటే మిగిలింది. కూర్చోకముందే అడిగేశారు: "సార్, ఆరంగుళాలది కొనమంటారా, ఎనిమిదంగుళాలదా?"

నేనూ ఒకప్పుడు ఇదే ప్రశ్నతో మొదలుపెట్టి డబ్బులు పోగొట్టుకున్నవాణ్ణే. అందుకని గ్రైండర్ సంగతి పక్కన పెట్టి, "ముందు మీ ఉలులు తీయండి" అన్నాను. సంచిలోంచి తీశారు. మూడు కొత్త హైస్పీడ్ స్టీల్ ఉలులు. మిగతా రెండు పాత ఆకురాళ్లను, అంటే ఇనుము అరగదీసే ఫైళ్లను, కమ్మరి దగ్గర సాగగొట్టించి చేయించుకున్నవి. ఈ రెండు రకాల ఉక్కూ గ్రైండర్ మీద ఒకేలా నడుచుకోవు. పైగా ఆయన మంచం కోళ్లు చేస్తారా, మామిడి దుంగతో గిన్నెలు చేస్తారా అన్నదీ తెలియాలి. ఈ రెండూ తేలితే గ్రైండర్ దానంతటదే తేలిపోతుంది.

అసలు లేత్ ఉలికి ఇంత తరచుగా పదును ఎందుకు కావాలో ఒక చిన్న లెక్క చెబుతాను. రెండంగుళాల మందం, అంటే 50 మి.మీ. కర్రను 1500 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1500 చుట్లు) తిప్పితే, నిమిషానికి దాదాపు 235 మీటర్ల కర్ర ఉలి అంచును ఒరుసుకుంటూ పోతుంది. నలభై నిమిషాలు పని చేస్తే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లదారి సుమారుగా అంతే కదా. కొండెక్కేసరికి మన మోకాళ్లు ఏమవుతాయో ఉలి అంచూ అదే అవుతుంది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది కాబట్టి దాని మీద ఇంకా త్వరగా మొద్దుబారుతుంది. ఎండిన చింత సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఏర్పేడు దగ్గర మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్ల పని తీరు వేరు. చెక్కే ఉలి నెమ్మదిగా కదులుతుంది. దాన్ని సన్నరాయి మీద అద్దంలా నూరుకుంటే చాలాసేపు నిలుస్తుంది. లేత్ ఉలి అలా కాదు. గ్రైండర్ మీద పది సెకన్లు తాకించాలి, తెచ్చి పని చేసుకోవాలి, మొద్దుబారితే మళ్లీ తాకించాలి. ప్రతిసారీ అదే కోణం రావాలి, ప్రతిసారీ ఇనుము వీలైనంత తక్కువ పోవాలి. ఏ గ్రైండర్, ఏ రాయి, ఏ జిగ్ (ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే సాధనం) ఎంచుకున్నా నేను చూసేది ఈ రెండే.

ముందు ఉక్కు

మీ ఉలి దేనితో చేసిందో తెలియకపోతే గ్రైండర్‌కు ఒక్క క్షణం తాకించి నిప్పురవ్వలు చూడండి. తెల్లగా, పసుపుగా, కొమ్మలు కొమ్మలుగా చీలి కాకరపువ్వొత్తిలా చిమ్మితే అది కార్బన్ స్టీల్. ఎర్రగా, నారింజ రంగులో, పెద్దగా చీలకుండా మందంగా పడితే హైస్పీడ్ స్టీల్.

కార్బన్ స్టీల్‌కు వేడి పడదు. దాదాపు 300 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర అంచు నీలంగా మారుతుంది. నీలం కనిపించిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఎంత పదును పెట్టినా రెండు నిమిషాలు నిలవదు. ఆ నీలం ఉన్నంత మేరా నూరి పారేయాల్సిందే. అందుకే కార్బన్ ఉలికి పక్కనే చెంబుతో నీళ్లు పెట్టుకుని, రెండు మూడు సెకన్లకోసారి ముంచుతూ నూరాలి. నా మొదటి ఉలి ఇలాగే పోయింది. లారీ స్ప్రింగు పట్టీతో ఒక కమ్మరి చేసిచ్చాడు, చక్కటి ఉలి. దాని నీలం రంగు చూసి బాగుందే అని మురిసిపోయాను కూడా!

హైస్పీడ్ స్టీల్ పద్ధతి వేరు. టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికాలో బెత్లెహెం స్టీల్ కంపెనీలో కనిపెట్టి, 1900 పారిస్ ప్రదర్శనలో చూపించిన రకం ఇది. ఇప్పుడు మనకు దొరికే ఎం2 రకాన్ని టెంపర్ చేసేదే (అంటే గట్టిపరిచాక పెళుసుతనం తగ్గేలా మళ్లీ వేడిచేసేదే) సుమారు 550 డిగ్రీల దగ్గర. కాబట్టి గ్రైండర్ మీద కాస్త నీలం తేలినా భయపడనక్కర్లేదు. దీన్ని కాలుతున్నప్పుడు నీళ్లలో ముంచడమే తప్పు. అంచులో కంటికి కనపడని పగుళ్లు రావచ్చు. గాలికి చల్లారనివ్వండి.

ఆకురాయితో చేసిన ఉలుల గురించి ఇంకొక్క మాట. ఆకురాయి చాలా గట్టిది, అందుకే పెళుసు కూడా. టెంపర్ సరిగా చేయించకుండా లేత్ మీద పెడితే, కర్ర పట్టి లాగినప్పుడు పుటుక్కున విరిగి మొహం మీదకు రావచ్చు. చిత్తూరు ఆయన ఉలుల్లో ఒకదాన్ని నేను వాడొద్దనే చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

ఆరంగుళాలా, ఎనిమిదా, స్పీడు ఎంత

యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి చాలామంది 1725 ఆర్‌పీఎం స్లో స్పీడ్ గ్రైండర్ కావాలని అడుగుతుంటారు. ఆ అంకె అక్కడి 60 హెర్ట్జ్ కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇక్కడ మామూలు గ్రైండర్ నేమ్‌ప్లేటు మీద 2800 నుంచి 2900 మధ్య ఉంటుంది, స్లో రకం మీద 1400 నుంచి 1450. షాపులో 1725 అడిగితే లేదనే అంటారు, దాన్ని పట్టుకుని ఊరంతా తిరగొద్దు.

నిజానికి చూడాల్సింది రాయి అంచు ఎంత వేగంగా పోతోందన్నది. ఎనిమిదంగుళాల రాయి 2800లో సెకనుకు దాదాపు 29 మీటర్లు పోతుంది. ఆరంగుళాలది అదే 2800లో 22 మీటర్లు. ఎనిమిదంగుళాలది 1400లో అయితే 15 కూడా ఉండదు. ఇనుము తక్కువ పోవాలంటే, తప్పు జరిగినా దిద్దుకునే వ్యవధి ఉండాలంటే ఈ చివరిదే మేలు. కొత్తగా నేర్చుకునేవారికి ఇది తప్ప ఇంకేదీ వద్దని చెబుతాను, దొరికితే. దొరకడమే కష్టం. తిరుపతిలో నాకు వెతగ్గా దొరికినవన్నీ 2800వే. చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు దాకా వెళ్లగలిగితే, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వేరే సంగతి.

స్లో రకం దొరక్కపోతే? ఆరంగుళాల 2800 గ్రైండర్ తీసుకుని దానికి మంచి తెల్లరాయి వేయండి. పై లెక్కలో అది నడిమధ్యన ఉంది, ధర కూడా తక్కువ. రెండు చిక్కులున్నాయి. చిన్న చక్రం కాబట్టి ఉలి వాలు (అంచు దగ్గర ఏటవాలుగా నూరిన భాగం) మీద పల్లం కాస్త ఎక్కువ పడుతుంది. రాయి అరిగి ఐదంగుళాలకు దిగితే అది మరీ ఎక్కువవుతుంది. ఇక చవకరకం ఆరంగుళాల మోటార్లు గట్టిగా ఒత్తితే ఆగిపోతాయి. పదును పెట్టడంలో గట్టిగా ఒత్తే పనే లేదు కాబట్టి దాన్ని నేను లోపం కింద లెక్కపెట్టను.

ఎనిమిదంగుళాల 2800 గ్రైండర్‌ను మాత్రం కొత్తవారికి చెప్పను. ఫ్యాబ్రికేషన్ పనికి అది బాగుంటుంది. ఉలి మీద చెయ్యి ఒక్క సెకను ఆలస్యమైతే అర మిల్లీమీటరు ఎగిరిపోతుంది. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒకసారి నా గౌజ్‌ను, అంటే దోనెలా పల్లమున్న ఉలిని, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, మీరు దీన్ని నూరుతున్నారా, తింటున్నారా?" అన్నాడు. కొన్న ఏడాదికే అది రెండంగుళాలు పొట్టిదైపోయింది.

రాయి: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

గ్రైండర్‌తో పాటు వచ్చే బూడిదరంగు రాళ్లు వెల్డింగ్ పనికి, రాడ్లు అరగదీయడానికి ఉద్దేశించినవి. ఉలికి పెడితే త్వరగా నున్నబడిపోయి, కోయడం మానేసి రుద్దడం మొదలుపెడతాయి. రుద్దుడు మొదలైతే వేడి పుడుతుంది. వాటిని పారేయకండి. ఒకవైపు ఉంచుకుంటే కొడవలికీ పారకూ పనికొస్తుంది. రెండోవైపు మాత్రం మార్చేయండి.

మార్చాల్సింది తెల్లరాయికి, అంటే వైట్ అల్యూమినియం ఆక్సైడ్‌కు. దీనిలో రేణువులు మొద్దుబారగానే విరిగి, కింద నుంచి కొత్త మొనలు బయటికొస్తాయి. అందుకే చల్లగా కోస్తుంది, అందుకే త్వరగా అరుగుతుంది కూడా. రాయి పక్కన అతికించిన కాగితం చదవడం నేర్చుకోండి. డబ్ల్యూఏ 60 కె 5 వి అని ఉంటే, డబ్ల్యూఏ అంటే తెల్ల అల్యూమినా, 60 అంటే రేణువు సైజు (అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం), కె అంటే రాయి గట్టిదనం, 5 అంటే రేణువుల మధ్య ఎడం, వి అంటే మట్టిపాత్రలా కాల్చిన బంధం. గట్టిదనం అక్షరం జెడ్ వైపు వెళ్లేకొద్దీ రాయి గట్టిది. గట్టి ఉక్కుకు మెత్తరాయి, మెత్త ఇనుముకు గట్టిరాయి. వింటే తిరకాసుగా ఉంటుంది కానీ పద్ధతి అదే. లేత్ ఉలులకు జె లేదా కె, రేణువు 80 అడగండి. ఒకే రాయితో సరిపెట్టుకోవాలనుకుంటే 80 చాలు. ఆకారం మార్చే పని కూడా ఎక్కువగా ఉంటే 60. చెన్నైలో ఈ రాళ్లు తయారుచేసే కార్బొరండం యూనివర్సల్ కంపెనీ ఉండడం వల్ల మనవైపు డీలర్లు తెల్లరాయిని తెప్పించి ఇవ్వడం పెద్ద కష్టం కాదు. కౌంటర్ మీద లేకపోయినా రెండు మూడు రోజుల్లో వస్తుంది.

ఆకుపచ్చరాయి మాత్రం తెచ్చుకోవద్దు. ఒక షాపులో నాకు "ఇది ఇంకా నున్నగా వస్తుంది సార్" అని అంటగట్టారు. అది సిలికాన్ కార్బైడ్, కార్బైడ్ ముక్క అతికించిన టూల్స్‌కు. హైస్పీడ్ స్టీల్ మీద ఇట్టే కరిగిపోయి గాడులు పడిపోయింది. తప్పు సగం షాపువాడిది, సగం లేబుల్ చదవని నాది.

ఇప్పుడు అందరి నోటా వినబడుతున్నది సీబీఎన్. పూర్తి పేరు క్యూబిక్ బోరాన్ నైట్రైడ్. 1957లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ వెంటార్ఫ్ తయారుచేసిన పదార్థం. గట్టిదనంలో వజ్రం తర్వాతి స్థానం దీనిదే. మరి వజ్రమే వాడొచ్చు కదా అంటారేమో. వేగంగా తిరిగే పొడి చక్రం మీద వేడి పుట్టినప్పుడు వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కలిసిపోతుంది. సీబీఎన్‌కు ఆ బాధ లేదు. ఇది రాయి కాదు, ఉక్కు లేదా అల్యూమినియం చక్రం మీద ఒక పొర. చక్రం సైజు తగ్గదు. ఒకసారి సెట్ చేసిన కోణం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. డ్రెస్సింగ్, అంటే రాయి మొహాన్ని గీకి చదును చేయడం, అక్కర్లేదు, రాయి పగిలి ఎగిరిపోతుందన్న టెన్షన్ లేదు.

ఇన్ని సుగుణాలున్నా అందరినీ కొనమనను. తెల్లరాయి ధరకు అనేక రెట్లు పెట్టాలి. మెత్త ఇనుము, అల్యూమినియం దాని మీద పెట్టకూడదు, పూడుకుపోతుంది. ఇంట్లో గ్రైండర్ ఒకటే ఉండి, పక్కింటివాళ్లు గునపం తెచ్చి "కాస్త సాన పట్టివ్వన్నా" అంటే కాదనలేని మనుషులైతే దాని జోలికి పోకండి. ఇంకొకటి, షాఫ్టు మందం. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన చక్రం రంధ్రం నా షాఫ్టు కంటే పెద్దది. టర్నర్ దగ్గర బుష్ (ఆ ఖాళీని పూడ్చే చిన్న గొట్టం) చేయించినా అది కంపించడం ఆగలేదు. చివరికి తిప్పి పంపాను. ఆర్డర్ చేసేముందు షాఫ్టును వెర్నియర్‌తో కొలవండి, గ్రైండర్ పెట్టె మీద రాసినది నమ్మొద్దు.

రోజూ లేత్ మీద కూర్చుని, అన్నీ హైస్పీడ్ ఉలులే వాడే మనిషికి సీబీఎన్ గిట్టుబాటు. శని, ఆదివారాలు పని చేసుకునే నాలాంటివాడికి తెల్లరాయి ఏళ్లకేళ్లు వస్తుంది. తెల్లరాయితో పాటు వజ్రపు మొనలున్న టీ ఆకారపు డ్రెస్సర్ తప్పకుండా కొనండి. రాయి మొహం చదునుగా, శుభ్రంగా లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. డ్రెస్సింగ్ చేసేటప్పుడు మాస్కు వేసుకోండి, ఆ తెల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పలకా, జిగ్గా

మంచం కోళ్లు, ఊయల స్తంభాలు, అప్పడాల కర్రలు, కవ్వాలు చేసేవారికి కావలసినవి మూడు ఉలులు: చదరపు కర్రను గుండ్రం చేసే పెద్ద రఫింగ్ గౌజ్, ఏటవాలు అంచున్న స్క్యూ, కర్రను తెగ్గోసే పార్టింగ్ ఉలి. ఈ మూడింటికీ గ్రైండర్ ముందు ఉలిని ఆనించడానికి ఒక గట్టి పలక ఉంటే సరిపోతుంది. గ్రైండర్‌తో వచ్చే రేకుముక్క కాదు, వంచి కోణం మార్చుకునేలా బలమైన పలక. ఏ వెల్డింగ్ షాపులోనైనా ఆరు మి.మీ. ప్లేటుతో చేయించుకోవచ్చు. రఫింగ్ గౌజ్‌కు 45 డిగ్రీలు, స్క్యూకు రెండు వాలులూ కలిపి 25 నుంచి 30, గీకే ఉలి, అంటే స్క్రేపర్, కూడా ఉంటే దానికి 70 నుంచి 80. ఈ కోణాలకు చెక్కముక్కలు కోసి పెట్టుకుంటే ప్రతిసారీ పలకను వాటితో సరిచూసుకోవచ్చు.

గిన్నెలు చేసేవారి బౌల్ గౌజ్ ఇంకో రకం. దాని అంచుకు రెండు పక్కలా ఉండే రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ఉలిని తిప్పుతూ, ఊపుతూ నూరాలి. ముప్పై ఏళ్లు పని చేసిన మేస్త్రీ దాన్ని మాటలాడుతూనే చేసేస్తాడు. మనకు జిగ్ కావాలి. గ్రైండర్ కింద ముందుకూ వెనక్కూ జరిగే చదరపు ట్యూబు, దాని చివర వి ఆకారపు గుంట, ఉలిని పట్టుకునే చిన్న చేయి. కెనడా నుంచి వచ్చే వుల్వరిన్ జిగ్ ఈ పద్ధతికి పేరుపొందింది. దాని చౌక నకళ్లు ఆన్‌లైన్‌లో బోలెడు. నకలు కొన్నా పరవాలేదు. ఉలి జిగ్ నుంచి ఎంత బయటికి పొడుచుకురావాలో బల్ల మీద ఒక చెక్క మేకు కొట్టి ఆనవాలు పెట్టుకోండి. ఆ కొలత మారితే కోణం మారిపోతుంది.

పలకైనా జిగ్గైనా, ఉలి వాలుకు నల్ల మార్కర్ పూసి, రాయిని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. నలుపు మొత్తం సమంగా పోతే కోణం కుదిరింది. అంచు దగ్గరే పోయినా, మడమ (వాలు వెనక చివర) దగ్గరే పోయినా సర్దాలి. పది రూపాయల మార్కర్ నాకు చేసినంత మేలు ఖరీదైన సామాను చేయలేదు.

నీటి రాయి, బెల్టు గురించి నాలుగు మాటలు

వెట్ గ్రైండర్ కొందామా అని ఇంట్లో అన్నప్పుడు "దోసెపిండికి ఉన్నది బాగానే ఉందిగా" అన్నారు. నేనన్నది స్వీడన్ టార్మెక్ లాంటిది. దాని టీ8 మోడల్‌లో 250 మి.మీ. రాయి నిమిషానికి 90 చుట్లు మాత్రమే నీళ్లలో తడుస్తూ తిరుగుతుంది. ఉలి కాలే ప్రశ్నే లేదు. కార్బన్ ఉలులకు, వంటింటి కత్తులకు, మాధవమాల రకం చెక్కడపు ఉలులకు చాలా బాగుంటుంది. లేత్ పనిలో గంటలో నాలుగుసార్లు పదును పెట్టేవారికి నెమ్మది. ఆకారం మార్చాలంటే సాయంత్రం అయిపోతుంది. పని అయ్యాక నీళ్లు తీసేయకపోతే రాయి ఒకవైపే నానిపోయి బరువు తేడా వస్తుంది.

బెల్టు యంత్రం, అంటే షెఫీల్డ్ రాబర్ట్ సోర్బీ వారి ప్రోఎడ్జ్ లాంటిది, వాలును చదునుగా తీస్తుంది. రేణువు మార్చాలంటే బెల్టు మారిస్తే చాలు. బాగుంటుంది, ఖరీదు. కొనే స్తోమత ఉంటే అడ్డుచెప్పను.

బిగించే రోజు

కొత్త రాయిని వేలికి తగిలించుకుని చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమనాలి. డబ్బుమంటే లోపల పగులుంది, తిరిగి ఇచ్చేయండి. రెండు వైపులా కాగితపు వాషర్లు ఉంచి, నట్టు మరీ బిగించకుండా, మొదటి నిమిషం పక్కకు నిలబడి తిప్పండి. పలకకూ రాయికీ మధ్య ఎడం మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. రాయి పక్క మొహం మీద నూరొద్దు. కళ్లకు రక్షణ అద్దాలు ఎలాగూ పెట్టుకోవాలి. లేత్ కింద పోగుపడే చెక్కపొట్టుకు మాత్రం గ్రైండర్‌ను దూరంగా పెట్టండి, రవ్వ పడితే గంట తర్వాతైనా రాజుకోవచ్చు.

ఎవరి చేతిలోనో ఎర్రచందనం ముక్క చూసి లేత్‌కు ఎక్కించి పదును పరీక్షిద్దామనిపిస్తుంది మన ఊళ్లో. అనుమతి కాగితాలు లేని ముక్కను ముట్టుకోకండి. పదును చూసుకోవడానికి మామిడి చాలు. మామిడి మీద స్క్యూతో తీసిన పొర ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుంటూ వస్తే పదును వచ్చినట్టు, పొడి రాలితే మళ్లీ గ్రైండర్ దగ్గరికి.

చిత్తూరు ఆయన గిన్నెలు కాదు, మంచం కోళ్లే చేస్తారని తేలింది. ఆరంగుళాల గ్రైండర్, 80 రేణువు తెల్లరాయి, డ్రెస్సర్, వెల్డింగ్ పలక. బౌల్ గౌజ్ జిగ్ వద్దన్నాను. వారం తర్వాత వాట్సాప్‌లో రఫింగ్ గౌజ్ ఫొటో పంపారు. వాలు మీద ఐదు మెట్లున్నాయి. మార్కర్ పూశారా అని అడిగితే, కొన్నాను కానీ మా పాప స్కూలుకు పట్టుకుపోయింది అన్నారు. రెండో ఫొటో కోసం చూస్తున్నాను.